ట్యాంకుకు నలభై

పంపు కొట్టుడు నా పని. ట్యాంకుకు నలభై.
అంకీస శివారుల ఏ చేను ఎంత మందు తాగుతదో
నా కుడి భుజాన్ని అడుగుండ్రి,
బెల్టు ఒరిసి ఒరిసి కాయకాసిన తావు చెప్తది.

గంగు పటేలు నాలుగెకరాలు ఒక్కటే
నా లెక్కకు అందకపోయేది.
గట్టుకు అవతల మొండయ్య పత్తి,
ఇవతల పటేలు పత్తి.
నల్లరేగడి ఒకటే,
సిరొంచల కొన్న విత్తనం సంచి ఒకటే,
ఉద్దెర సుత ఒకటే.
మొండయ్య చేనుకు ఆరు తడవలు,
పటేలు చేనుకు మూడు.
పురుగు లేదు, నాకు పిలుపు లేదు.
మూడు తడవల కూలి,
అంటే నాలుగువేల ఎనిమిది వందలు,
ఎవడు ఎత్తుకపోతున్నడో తెలవక
రెండేండ్లు మందుల దుకాణపాయన మీద అనుమానపడ్డ.

పొలాల అమాసకు ముందటి పొద్దుగూకు.
ఎడ్ల కొమ్ములకు రంగులేస్తున్నరు ఊర్లె.
నేను పంపు కడిగి గట్టు మీద బోర్లించి
చేతుల వాసన పోతదా అని మట్టితోని రుద్దుతున్న.
పటేలు తాతనాటి జిన్నింగు షెడ్డు,
రేకులు లేచిపోయి గోడలు కడుపుబ్బి ఉన్నది,
ఆ గోడ పగులుల నుంచి
ఒకటి జారింది.
ఎండుటాకు పడ్డట్టే పడి, నేల తాకకముందే లేచింది.
ఇంకొకటి.
ఇగ చూడు,
ఎవరో గోనెసంచి కుట్టు ఇప్పినట్టు
నల్లగ, సప్పుడు లేకుండ, పత్తి మీదికి.

పూత చుట్టు తిరిగే తల్లిపురుగు
ఉన్నకాడ ఉన్నది,
మరి లేదు.
అది పెట్టబోయిన గుడ్లు లేవు,
గుడ్లల్ల పురుగులు లేవు,
పురుగుల కొరకు నేను కొట్టే మందు లేదు,
మందుకు నాకొచ్చే నలభై లేదు.
దొంగలు దొరికిండ్రు.

"షెడ్డు సాఫు చెయ్యాలెరా" అన్నడు పటేలు కార్తెల,
"మిర్చి బస్తాలు పెడ్త. పొగబెట్టు,
పగుళ్లల్ల సిమెంటు మెత్తు, వెయ్యి ఇస్త."
వెయ్యి అంటే ఇరవైఐదు ట్యాంకులు.
ఇంటికొచ్చి ఈ లెక్క గట్టిగనే చేసిన.

మా బిడ్డ ప్రాజక్త, ఆ పేరు మరాఠీ బడి మేడం పెట్టింది,
ఆ షెడ్డు కింది పెంట రేకుడబ్బల ఊడ్చుకొచ్చి
పెరట్ల వంగమొక్కలకు పోస్తది.
ఆ రోజు పిడికెడు తీసి ఎండల చిట్లించింది.
తళతళ మెరిసింది.
"బాపూ, అన్ని రెక్కలే."
పుస్తకంల వటవాఘూళ్, మా ఇంట్ల గబ్బిలాయి,
పెంట మాత్రం రెండు భాషలల్ల అదే.

తెల్లారి తడిగడ్డి, ఎండుమిర్చి, అగ్గిపెట్టె పట్టుకొని లోపలికి పోయిన.
మొగురం కింద చీకటి ఊపిరి పీలుస్తున్నది.
నాకు దగ్గొచ్చింది.
మందు దగ్గు, ఏడేండ్ల నుంచి ఉన్నదే,
ఒకసారి మొదలైతే కడుపుల పేగు కదిలేదాక ఆగది.
పైన వాళ్లంత ఒక్కసారి దగ్గరికి జరిగిండ్రు.
ఒక చిన్నది, బొటనవేలంత,
తల్లి పొట్టకు కరుచుకొని
కండ్లు మిటకరించి నన్నే చూసింది,
కనవడ్డనో లేదో.
వీళ్లు రాత్రి పాళీ, నేను పగటి పాళీ.
వీళ్లకు ముక్కుకు గుడ్డ సుత అక్కరలేదు.

అగ్గిపుల్ల గీసిన.
బీడీ ముట్టించుకొని బయటికొచ్చిన.

"పటేలా, ఆ గోడ పొగకు ఆగది, వేడికి కూలుతది,
కూలితె రేకులు మన మీద" అన్న.
అబద్ధం.
వెయ్యి పాయె, నాలుగువేల ఎనిమిది వందలు సుత పాయె.
మా ఇంటిది నాలుగు రోజులు మాట్లాడలే,
ఐదోనాడు సిరొంచ దవాఖాన చీటి తీసి
దగ్గు మందు ఖర్చు లెక్కపెట్టి
ఏమనకుండ పొయ్యి మీద ఎసరు పెట్టింది.

ఇప్పటికీ పటేలు వానకాలం రాంగనే అడుగుతడు,
"గోడ ఇంక పడలేదారా?"
"ఈ వానకు పడ్తది పటేలా" అంట.
మూడేండ్ల నుంచి ఈ వానకే.